గింజలతో పందెం కాసిన మోర్గన్

డర్బన్ శివారు షాల్‌క్రాస్‌లో నేను అద్దెకున్న గది మోర్గన్ గారి పెరట్లో, వాళ్ళ వంటింటి తలుపుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. శనివారం మధ్యాహ్నాలు ఆ తలుపు తెరిచే ఉండేది. లోపల బల్ల మీద రేడియో, రేడియో పక్కన ఒక గాజు సీసా, సీసా ముందు మోర్గన్. సీసాలో ఎర్ర మచ్చలున్న చిక్కుడు గింజలు. డర్బన్‌లో వాటిని షుగర్ బీన్స్ అంటారు. ఆదివారం కూరకు ఎక్కువగా అవే వాడతారు. గ్రేవిల్ మైదానంలో గుర్రాలు పరుగెత్తుతుంటే మోర్గన్ ఇక్కడ ఆ గింజలతో పందెం కాసేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఏ గుర్రం మీదా డబ్బు పెట్టలేదు.

నేను తొంభై అయిదులో సామర్లకోట నుంచి వచ్చాను. పైన్‌టౌన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకునే పని. మోర్గన్ అక్కడే తోలు కోసేవాడు. ఆయన కోత చూడడానికి నేను టీ విరామంలో వెళ్ళి నిలబడేవాణ్ణి. చర్మం బల్ల మీద పరిచాక వెంటనే కత్తి తీసేవాడు కాదు. అరచేత్తో మొత్తం తడిమేవాడు. రెండు వేళ్ళతో లాగి ఏ వైపు సాగుతుందో చూసేవాడు. బతికున్నప్పుడు ఆ పశువుకు ముల్లు గీసుకున్న చోట్లు సుద్దతో గుర్తు పెట్టుకుని, వాటిని తప్పించి అచ్చులు అమర్చేవాడు. ఆయన బల్ల కింద మిగిలే ముక్కలు గుప్పెట్లో పట్టేవి. సూపర్‌వైజరు తొందరపెడితే, "కోశాక మళ్ళీ అతకలేను సార్" అని తల ఎత్తకుండానే చెప్పేవాడు.

మాకు స్నేహం కుదిరింది ఒక తిట్టు వల్ల. కుట్టు మెషీను ఒకటి ఎంతకీ దారికి రాక, "నీ దుంప తెగ" అన్నాను గట్టిగా. వెనక నుంచి ఎవరో పగలబడి నవ్వారు. తిరిగి చూస్తే మోర్గన్.

"నీ దుంప తెగ! మా నాయనమ్మ నన్ను చచ్చేదాకా అలాగే పిలిచింది. అది నా రెండో పేరనుకునేవాణ్ణి," అన్నాడు ఇంగ్లీషులో. ఆ నెలాఖరుకే పెరటి గదిలో దిగాను.

వాళ్ళ తాతముత్తాతలు చెరకు తోటల్లో కూలికి వచ్చిన తెలుగువాళ్ళు. బాప్టిస్టులు. ఇంట్లో మాట్లాడుకునేది ఇంగ్లీషు. మోర్గన్‌కూ, ఆయన భార్య ఫ్లారెన్స్‌కూ తెలుగు అర్థమయ్యేది, ఆమెకు మాట్లాడడం కూడా వచ్చు. వాళ్ళ కూతురు సమంతకు మాత్రం కూరల పేర్లూ, వరసలూ తప్ప ఏమీ రాదు. "మా ఇంట్లో తెలుగు వినపడిందంటే అమ్మ డాడీని తిడుతోందని అర్థం," అనేది ఆమె. ఆ ఇంట్లో ఇంగ్లీషులో జరిగిన మాటల్ని నేనిక్కడ తెలుగులో రాస్తున్నాను. తెలుగులోనే అన్నవి ఎక్కడున్నాయో చెబుతాను.

మోర్గన్ తండ్రి గుర్రపు శాలలో పనిచేసేవాడట. అందుకని గుర్రాన్ని చూడడం ఆయనకు చిన్నప్పుడే అబ్బింది. పెళ్ళైన కొత్తలో శనివారాలు పందేలకు వెళ్ళేవాడు. గెలిచిన రోజు నవ్వుతూ మామూలుగా ఇంటికి వచ్చేవాడు. ఓడిన రోజే ప్రమాదం. పోయినదాన్ని రాబట్టుకోవాలని పందెం డబ్బు తీసుకునే కిటికీ దగ్గరకు పోయి మళ్ళీ కట్టేవాడు. సమంత పొత్తిళ్ళలో ఉండగా అలాగే ఒక శనివారం జీతం కవరు మొత్తం ఊడ్చిపెట్టి వచ్చాడు. ఫ్లారెన్స్ పిల్లనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పాస్టరు గారు ఇద్దరినీ కూచోబెట్టారు. మోర్గన్ బైబిలు మీద చెయ్యి పెట్టి, ఇక ఏ గుర్రం మీదా డబ్బు పెట్టనని ఒట్టు వేశాడు.

ఒట్టు వేశాడు గానీ శనివారం వస్తే మనిషి కుదురుగా ఉండలేకపోయేవాడు. అది చూసి ఫ్లారెన్సే ఒక రోజు కప్పు నిండా గింజలు తెచ్చి ముందు పోసిందట. "పెట్టాలనుంటే ఇవి పెట్టుకో. ఓడిపోతే నాకిచ్చెయ్యి, వండేస్తాను," అందట.

అలా మొదలైంది. నేను వెళ్ళేసరికి దానికి పక్కా పద్ధతి ఉంది. కొత్త సంవత్సరం మర్నాడు ఫ్లారెన్స్ ఒక కప్పు గింజలు కొలిచి సీసాలో పోస్తుంది. ఆ మట్టం దగ్గర మోర్గన్ గాయాలకు వేసే ప్లాస్టరు ముక్క ఒకటి అంటిస్తాడు. ఆ ఏడాది పెట్టుబడి అంతే. రేసు ముందు రేడియోలో ధరలు, అంటే ఏ గుర్రం గెలిస్తే ఎన్ని రెట్లు ఇస్తారో, చెబుతారు. ఆయన నచ్చిన గుర్రానికి చిటికెడు గింజలు బల్ల మీద పెడతాడు. గుర్రాలు గేట్లలోకి వెళ్ళాయని చెప్పగానే చేతులు ఒళ్ళోకి వెళ్ళిపోవాలి. ఆ తరవాత గింజను ముట్టుకోకూడదు. గెలిస్తే ఫ్లారెన్స్ అలమరలోని సంచి నుంచి ధర ప్రకారం గింజలు తెచ్చి ఇస్తుంది. ఓడిన గింజలు కుండలో పడతాయి. రాత్రికి నానతాయి. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరం తింటాం.

"ఈ ఇంట్లో బ్యాంకూ నేనే, వంటమనిషీ నేనే," అనేది ఫ్లారెన్స్. పందెం మధ్యలో పిలిచి ఆయన పలక్కపోతే మాత్రం తెలుగులోకి దిగేది. "ఏటయ్యో గుర్రాల మొగుడా, టీ సల్లారిపోతాది!"

గింజలు కదా అని ఆయన ఆటగా తీసుకునేవాడు కాదు. నచ్చిన గుర్రం లేకపోతే ఆ మధ్యాహ్నమంతా ఒక్క గింజ కూడా పెట్టకుండా కూచునేవాడు. ఓడిన రోజు పందెం పెంచడు, గెలిచిన రోజూ పెంచడు. నేను ఒకసారి, "ఇవాళ మూడూ పోయాయి కదా అంకుల్, పద్ధతి మార్చాలేమో" అన్నాను.

"ఒక్క రోజు చూసి మార్చకూడదు తంబీ," అన్నాడు. "మంచి గుర్రం కూడా ఓడుతుంది. రోజుని చూడకు. సీసాని చూడు."

సీసా నిజంగానే బాగుండేది. నేను చూసిన మొదటి డిసెంబరులో గింజలు ప్లాస్టరు ముక్కకు రెండు వేళ్ళు పైన ఉన్నాయి. అంతకు ముందు ఏళ్ళూ అంతేనని డెన్జిల్ చెప్పాడు. డెన్జిల్ అంటే సమంత భర్త, తెలుగు బొత్తిగా రాదు, మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో పనిచేసేవాడు. మామగారి సీసా గురించి క్యాంటీనులో అందరికీ గొప్పగా చెప్పేవాడు.

డెన్జిల్, సమంత ఇద్దరు పిల్లలతో ఓవర్‌పోర్ట్‌లో ఒక కొట్టు పైన ఒంటి గదిలో ఉండేవారు. పెద్దపిల్లకు ఉబ్బసం. కింద కొట్టులో వేయించే నూనె పొగ గదిలోకి వచ్చి పిల్ల దగ్గేది. అందుకని సమంతకు ఇల్లు కావాలి. రెడ్‌హిల్‌లో బెరిల్ అనే రిటైరైన టీచరమ్మ తన చిన్న ఇల్లు అమ్మి చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోదామనుకుంటోంది. సమంతకు ఆవిడ చిన్నప్పుడు పాఠం చెప్పిందట. "జులై ఆఖరు దాకా ఎవరికీ ఇవ్వను, ఈలోపు డిపాజిట్ తీసుకురండి" అంది. రెండు గదులు, ముందు మామిడి చెట్టు, పొగ లేని గాలి. సమంత అప్పుడే కిటికీలు కొలుచుకుని కర్టెన్ గుడ్డ కూడా కొనేసింది.

తొంభై ఆరు మేలో మా ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేశారు. దేశం తలుపులు తెరిచాక బయటి నుంచి వచ్చే చెప్పులు మా తోలు ఖరీదు కన్నా చవకగా దొరుకుతున్నాయి. మేనేజరు కొత్త జెండా పక్కన నిలబడి కొత్త దేశం గురించి చాలాసేపు మాట్లాడాడు. తరవాత కవర్లు పంచారు. మోర్గన్‌ని ఉంచారు, నన్ను ఉంచారు. డెన్జిల్‌కు కవరు వచ్చింది.

"ఇదివరకు తెల్లవాళ్ళ రాజ్యంలో డబ్బున్నా నచ్చిన చోట ఇల్లు కొననిచ్చేవాళ్ళు కాదు," అన్నాడు డెన్జిల్ బస్సులో. "ఇప్పుడు ఎక్కడైనా కొనుక్కోమంటున్నారు. ఉద్యోగం మాత్రం లాక్కున్నారు."

కవరులోని డబ్బు, వాళ్ళు దాచుకున్నది కలిపినా డిపాజిట్‌కు కొంచెం తక్కువైంది. ఆ కొంచెమే వాళ్ళను ముంచింది.

పని పోయాక డెన్జిల్ శనివారాలు మోర్గన్ పక్కన కూచోవడం మొదలుపెట్టాడు. మోర్గన్ సంతోషించాడు. ఆయన పద్ధతి నేర్చుకుంటానని ఎవరూ అంతవరకు అడగలేదు. గుర్రం పై తరగతి నుంచి కింది తరగతికి ఎప్పుడు దిగుతుందో, వాన పడిన గడ్డిమీద ఏది నిలబడుతుందో, తక్కువ బరువు మొయ్యడం దేనికి కలిసొస్తుందో తోలు గురించి చెప్పినట్టే చెప్పేవాడు. డెన్జిల్ చెయ్యి బల్ల మీదకు జారితే ఫట్‌మని కొట్టేవాడు.

"చేతులు ఒళ్ళో!"

"మామా, ఉత్త గింజలే కదా."

"ఉత్త గింజలే కాబట్టే. వీటితో దొంగాట ఆడితే నిన్ను పట్టుకునేవాడు ఎవడూ ఉండడు. నిన్ను నువ్వే పట్టుకోవాలి."

ఆ నెల ఒక మధ్యాహ్నం ఎవరూ లెక్కచెయ్యని గుర్రం ఒకటి గెలిచింది. మోర్గన్ దాని మీద గింజలు పెట్టి ఉన్నాడు. ఫ్లారెన్స్ సంచి ఖాళీ చేసి పోసినా చాలక పక్కింటి వల్లీ దగ్గర అప్పు తెచ్చింది. సీసా మెడ దాకా నిండింది. డెన్జిల్ బల్ల చుట్టూ గెంతాడు. ఆ సాయంత్రమే అడిగాడు.

"మామా, గింజలకి పనిచేసేది డబ్బుకి ఎందుకు పనిచెయ్యదు?"

మోర్గన్ రేడియో కట్టేశాడు. "గింజలు పోయిన రాత్రి నాకు నిద్ర పడుతుంది. అందుకని పనిచేస్తుంది."

"ఈ ఒక్క చలికాలం చాలు, జులై దాకా. ఆ తగ్గింది వస్తే ఇక ముట్టుకోను."

"డెన్జిల్, ఈ బల్ల దగ్గర డబ్బు మాట ఎత్తావంటే రేపట్నుంచి ముందు గదిలో కూచో."

డెన్జిల్ నవ్వేసి చేతులెత్తాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. మరుసటి వారం నుంచి శనివారాలు రాలేదు కూడా. కెస్సీ అనే స్నేహితుడి ఇనుప సామాను కొట్టులో శనివారం పని దొరికిందన్నాడు. పొద్దున మాత్రం ఫోను చేసేవాడు. "ఊరికే మామా, కొట్లో రేడియో వింటూ ఆడుకుంటాను. ఇవాళ ఏవి?" మోర్గన్ చెప్పేవాడు. అంత శ్రద్ధగల శిష్యుడు దొరికాడని ఆయన ముచ్చట.

అప్పటి నుంచి ఆయన గుర్రాలు ఓడడం మొదలుపెట్టాయి. ఏ లోపమూ కనపడదు. గుర్రం మెడ అంత తేడాతో ఒకటి ఓడితే, తల అంత తేడాతో ఇంకొకటి. ఆదివారం కూర చిక్కబడింది.

"మామా, ఈ వారం కూడా గుర్రాలకి కాళ్ళనొప్పులా? కుండలో గరిటె నిలబడుతోంది," అన్నాడు డెన్జిల్ ఒక ఆదివారం.

"తిను రా. తినేవాడికి ఏ గుర్రం ఓడితే ఏంటి?" అంది ఫ్లారెన్స్, ఇంకో గరిటె వడ్డిస్తూ.

తిన్నాక డెన్జిల్ లేచి అలమర దగ్గరకు వెళ్ళి అడిగేవాడు. "సీసా ఎలా ఉంది మామా?"

"నువ్వే చూసుకో."

సీసా బాగానే ఉండేది. మెడ నుంచి కాస్త దిగినా ప్లాస్టరు ముక్కకు చాలా పైన ఉండేది. డెన్జిల్ దాన్ని చేత్తో ఎత్తి, బరువు చూసి, ఊపిరి వదిలి కింద పెట్టేవాడు. ఆదివారం ఆదివారం అదే. మొహం మాత్రం వారం వారానికీ పీక్కుపోతోంది. పని దొరకని దిగులు అనుకున్నాం.

జులై మూడో వారం ఆదివారం. చర్చి నుంచి అప్పుడే వచ్చాం. ఫ్లారెన్స్ కుండ పొయ్యి మీద పెట్టింది. నేను వాళ్ళ వంటింట్లో పాడైన బల్బు హోల్డరు మారుస్తూ స్టూలు మీద ఉన్నాను. సమంత వచ్చింది. వెనకే డెన్జిల్. పిల్లల్ని తీసుకురాలేదు.

సమంత కూచోలేదు. "నిన్న బ్యాంకుకి వెళ్ళాను," అంది. "ఉన్నంత మిస్ బెరిల్‌కి కట్టి, తగ్గినదానికి గడువు అడుగుదామని. ఏమీ లేదు డాడీ. గుర్రాల మీద పెట్టేశాడు. అంతా."

మోర్గన్ కోటు విప్పబోతూ ఆగిపోయాడు. డెన్జిల్ తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"నీ గుర్రాలే మామా," అన్నాడు. "నువ్వు ఫోనులో చెప్పినవే. నీ రూలు ప్రకారమే చిటికెడు చిటికెడు పెట్టాను. పోతూనే ఉన్నాయి. ప్రతి ఆదివారం ఇక్కడికొచ్చి చూస్తే నీ సీసా నిండే ఉంది. నాకు చెప్పనివేవో మధ్యాహ్నం గెలుస్తున్నావనుకున్నాను. రోజుని చూడొద్దు, సీసాని చూడమన్నావు కదా. సీసానే చూశాను. నీది తట్టుకుందంటే నాదీ తిరుగుతుందని చివర్లో పెంచేశాను."

"నేను నీకు చెప్పనివి ఏవీ లేవు," అన్నాడు మోర్గన్ నెమ్మదిగా. "నావీ అన్నీ పోయాయి."

"మరి సీసా?"

మోర్గన్ సీసా వైపు చూశాడు. తరవాత పొయ్యి మీద కుండ వైపు చూశాడు. మూత పక్కకు జరిగి, గింజలు అంచు దాకా ఉడుకుతున్నాయి. ఓడినవి కుండలోకి పోవాలి. పోయినవి సీసాలో తగ్గాలి. ఇన్ని వారాలు కుండ నిండుతూ వచ్చింది, సీసా మాత్రం ఆ మేరకు తగ్గలేదు. నేను స్టూలు మీద నుంచి ఆయన మొహం చూశాను. తోలు మీద చెయ్యి ఆగినప్పుడు, లోపలి పొరలో పగులు తగిలినప్పుడు, సరిగ్గా అలాగే ఉండేది.

ఆయన ఫ్లారెన్స్ వైపు తిరిగాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంది. అలాగే, ఇటు తిరగకుండానే, తెలుగులో అంది.

"నానే పోసినానయ్యా. తగ్గినప్పుడల్లా నానే పోసినాను. అది అడుక్కెల్లిపోతే నువ్వు మల్లీ ఆ కిటికీకాడికి ఎల్లిపోతావని బయ్యమేసింది. మొదటేడు నించీ పోస్తన్నాను. నాకు తెల్దయ్యా, ఈ పిల్లోడు దాన్ని సూసి ఇలాగ సేస్తాడని నాకు తెల్దు."

గదిలో ఆ మాటలు అర్థమైంది ఆయనకూ నాకూ మాత్రమే.

"అమ్మ ఏమంటోంది?" అంది సమంత.

మోర్గన్ కోటు కుర్చీకి తగిలించాడు. ముడతలు లేకుండా సవరించాడు.

"తిడుతోంది," అన్నాడు. "ఇంకేమంటుంది."

"తిట్టాల్సిందే. సీసా ఎందుకు నిండుగా ఉంది డాడీ?"

"నేను దొంగాట ఆడాను. రేసు అయ్యాక గింజలు వెనక్కి తీసుకునేవాణ్ణి. గెలిచిన దాని మీద ఎక్కువ పెట్టానని చెప్పి మీ అమ్మ దగ్గర ఎక్కువ తీసుకునేవాణ్ణి."

ఫ్లారెన్స్ గిరుక్కున తిరిగింది. ఆయన ఆమె వైపు చూడలేదు. కుడి చెయ్యి కొంచెం ఎత్తి, ఆగమన్నట్టు గాలిలో ఉంచాడు. ఆమె మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది.

"ఎప్పట్నుంచి?" అంది సమంత.

"ఎప్పుడూ అంతే."

డెన్జిల్ నవ్వినట్టు ఏదో చేశాడు. "చేతులు ఒళ్ళో పెట్టుకోమని నన్ను కొట్టావు మామా. ఆ పందేల కిటికీ దగ్గర కూడా, డబ్బు కట్టాక చేతులు జేబులో పెట్టుకునేవాణ్ణి. అలవాటైపోయి."

సమంత తండ్రి వైపు తిరిగింది. "పిల్ల దగ్గి దగ్గి రాత్రిళ్ళు కూచునే నిద్రపోతోంది," అంది. "నువ్వు గింజలతో కూడా నిజాయితీగా ఉండలేకపోయావు. ఇక మా ఇంటి మెట్లు ఎక్కకు." తల్లిని కావలించుకుంది. భర్త చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. కూర ఎవరూ తినలేదు.

చీకటి పడే ముందు వాళ్ళిద్దరూ పెరట్లో గట్టు మీద కూచున్నారు. నా కిటికీ తెరిచే ఉంది. కోపంగా అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు.

"ఎందుకట్లా చెప్పావు?" అంది ఆమె. "రేపు పోయి నిజం చెప్పేస్తాను."

"దానికిప్పుడు ఒకరి మీద కోపం. ఇద్దరి మీదా అయితే ఎక్కడికి పోతుంది? పిల్లల్ని చూసుకునేదెవరు? నువ్వు వెళ్ళి రావాలి కదా."

ఆమె ఏడ్చింది. కాసేపయ్యాక ఆయన అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఫ్లోరీ, ఆ సీసాలో నాది ఎంత?"

"ఏంటి?"

"ఏదో ఒక ఏడాది నువ్వు పొయ్యకుండా నేనే గెలిచి ఉంటాను కదా. ఒక్క ఏడాదైనా."

ఔనని ఆమె ఇంకో అబద్ధం చెప్పేయవచ్చు. ఆయన కోసం చెప్పిన అబద్ధాలు ఆ రోజుకి చాలనుకుందేమో. "నాకు గుర్తు లేదు మోర్గన్. గుప్పెట్లో వచ్చినంత పోసేదాన్ని," అంది.

ఆయన తల ఊపాడు. నేను మెషీన్లు చూసుకునేవాణ్ణి. ముల్లు తప్పు చూపించే గేజి పెట్టుకుని బాయిలరు నడిపితే ఏమవుతుందో నాకు తెలుసు. కానీ ముప్ఫై ఏళ్ళు నేర్చుకున్న పని తనకు వచ్చో రాదో ఇక ఎన్నటికీ తెలియని మనిషికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. కిటికీ మూశాను.

తరవాత జరిగింది కొంచెమే. రెడ్‌హిల్ ఇల్లు ఆగస్టులో ఇంకెవరో తీసుకున్నారు. బెరిల్ టీచరమ్మ ఫోను చేసి ఏడ్చిందట. డెన్జిల్ దూరాన జర్మిస్టన్‌లో ఒక గోడౌన్‌లో పని దొరికి వెళ్ళిపోయాడు. సమంత పిల్లలతో ఆ గదిలోనే ఉండిపోయింది. మోర్గన్ గింజల్లో కూడా దొంగాట ఆడాడన్న సంగతి చర్చిలో పాకింది. కానుకల పళ్ళెం పట్టుకునే పని పాస్టరు గారు అడగకముందే ఆయన వదిలేసి వెనక బెంచీలో కూచోవడం మొదలుపెట్టాడు. శనివారాలు వంటింటి తలుపు మూసే ఉండేది. ఫ్యాక్టరీలో మాత్రం ఆయన కోత మారలేదు. తడమడం, లాగడం, సుద్ద గుర్తు పెట్టడం, అన్నీ అంతే. కానీ కోసిన ముక్కను ఇదివరకులా ఎత్తి వెలుతురుకు పట్టి చూసుకునేవాడు కాదు. పక్కన పడేసి ఇంకోటి తీసుకునేవాడు.

ఆదివారాలు చర్చి అయ్యాక ఫ్లారెన్స్ టిఫిన్ క్యారియరు తీసుకుని మనవరాళ్ళ దగ్గరకు ఓవర్‌పోర్ట్ వెళ్ళేది. ఆయనా ఆమెతో బస్సులో వెళ్ళేవాడు. ఆమె మెట్లెక్కి పైకి పోతే, ఆయన రోడ్డుకు ఇవతల బస్సు స్టాపులో కూచునేవాడు. ఎండైనా వానైనా అంతే. పైగది కిటికీ ఆ స్టాపులోకి కనపడుతుంది. అప్పుడప్పుడు చిన్నపిల్ల కిటికీలోంచి చెయ్యి ఊపేది. ఎవరో లోపలికి లాక్కునేవారు.

నవంబరులో ఒక ఆదివారం బియ్యం, పప్పులు కొనుక్కోవడానికి నేనూ వాళ్ళతో వెళ్ళాను. సంచులతో వచ్చి స్టాపులో ఆయన పక్కన కూచున్నాను. ఎండగా ఉంది. ఎదురుగా చెప్పుల కొట్టు అద్దంలో వరసగా పెట్టిన బూట్లు చూస్తున్నాడు.

"ఆ గోధుమరంగుది చూడు తంబీ. సాగే వైపు అడ్డంగా కోశాడు. ఆరు నెలల్లో నోరు తెరుస్తుంది," అన్నాడు. తరవాత, "ఏమో. నాకు అలా అనిపిస్తోంది," అని చేర్చాడు. పని గురించి ఆయన 'ఏమో' అనడం నేను అదే మొదటిసారి వినడం.

ఫ్లారెన్స్ మామూలు కన్నా తొందరగా దిగి వచ్చింది. రోడ్డు దాటుతుంటేనే ఏదో జరిగిందని తెలిసింది. క్యారియరు మూత కూడా సరిగా పెట్టలేదు. వచ్చి ఆయన పక్కన కూచుని, తెలుగులో అంది.

"సెప్పీసినాను."

మోర్గన్ కొట్టు అద్దం నుంచి చూపు తిప్పాడు.

"అంతా సెప్పీసినాను. నానే పోసినానని, నీ తప్పేటీ లేదని. ఎన్నాళ్ళు మొయ్యమంటావు నన్ను?"

"ఏమంది?"

ఫ్లారెన్స్ పైటకొంగుతో మొహం తుడుచుకుంది. "నమ్మలేదు. నువ్వే నేర్పి పంపినావంది. సేసిన తప్పు సాలక, ఇప్పుడు నన్ను అడ్డంగా పెట్టుకుని దాక్కుంతన్నావంది."

పైగది కిటికీ మూసి ఉంది. మోర్గన్ దాని వైపు చూసి, చూపు దించుకున్నాడు.

"పెద్దపిల్ల దగ్గుతోందా?" అని అడిగాడు.

"దగ్గుతోంది."

"తిన్నారా?"

"తిన్నారు." ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఇంగ్లీషులోకి మారింది. "వచ్చే ఆదివారం మళ్ళీ చెబుతాను. నమ్మేదాకా చెబుతాను."

"వద్దు," అన్నాడు మోర్గన్. "నువ్వు అబద్ధాలాడుతున్నావనుకుంటే నిన్నూ రానివ్వదు."

బస్సు వచ్చింది. ఆయన క్యారియరు ఆమె చేతిలోంచి తీసుకుని, మూత బిగించి, ఆమెను ముందు ఎక్కించాడు.